కామాల నడుమ పట్టిక

సమాచారమును దాచుటకు నేటి కంప్యూటరు లోకము వాడుచున్న రూపములలో మిక్కిలి నిరాడంబరమైనది సీఎస్‌వీ ఫైలు. వరుసకొక్క నమోదు, నమోదులోని అంశమునకును అంశమునకును నడుమ ఒక కామా, తలవరుసలో ఆయా అంశముల పేరులు. ఇంతకు మించి దానిలో రహస్యమేదియు లేదు. మండలములవారీ వర్షపాతపు లెక్కలైనను, బ్యాంకువారు పంపు ఖాతా వివరములైనను, భారత ప్రభుత్వము 2012లో నెలకొల్పిన బహిరంగ దత్తాంశ వేదికనుండి దించుకొను పట్టికలైనను, ఈ వేషముననే తఱచుగా మన చేతికి వచ్చుచుండును. దానిని తెఱచుటకు లైసెన్సు అక్కఱలేదు, ప్రత్యేకమైన సాధనము అక్కఱలేదు. ఇరువదియేండ్ల క్రిందట వ్రాసిపెట్టిన ఫైలును నేడు ఏ యంత్రముమీదనైనను చదువవచ్చును. ఇంతటి దీర్ఘాయువు ఖరీదైన సాఫ్ట్‌వేరుల సొంత ఫైలు రూపములలో అనేకములకు దక్కలేదు.

కామాలతో అంశములను విడదీయు పద్ధతి 1972 నాటికే ఐబీఎమ్ వారి ఫోర్‌ట్రాన్ కంపైలరులో కానవచ్చుచుండగా, దాని నియమములు ఆర్‌ఎఫ్‌సీ 4180 అను పత్రముగా అక్షరరూపము దాల్చినది 2005 అక్టోబరులో మాత్రమే. అప్పటికి ముప్పదియేండ్లకు పైబడిన ఆచారమును ఆ పత్రము ఉన్నది ఉన్నట్లు వర్ణించినదే గాని, ఎవరిని శాసింపలేదు. అంశము లోపలనే కామా వచ్చినచో ఆ యంశమును జంట ఉద్ధరణ చిహ్నములలో నిలుపవలెననియు, ఆ చిహ్నమే లోపల వచ్చినచో దానిని రెండుమార్లు వ్రాయవలెననియు అందు గలదు. ఈ సూక్ష్మము మన దేశమున మఱింత అక్కఱకు వచ్చును. లక్షయిరువదియైదువేలను మనవారు 1,25,000 అని వ్రాయుదురు. దానికి ఉద్ధరణ చిహ్నములు తొడుగుట మఱచినచో యంత్రము దృష్టిలో అది యొక సంఖ్య కాదు, 1, 25, 000 అను మూడు వేర్వేఱు అంశములు. ఆ వరుసలో అటుతరువాతివన్నియు రెండేసి గడులు కుడికి జరిగిపోవును. చిరునామా నడుమ పంక్తి తెగినను, ఉద్ధరణ చిహ్నముల లోపల నున్నంతవఱకు అది సక్రమమే. కావున ఒక్క నమోదు రెండు మూడు పంక్తులకు ప్రాకుటయు గలదు. ఇక తెలుగు పేరులున్న ఫైలైనచో, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడేసి బైట్లు పట్టును. ఆ ఫైలును మఱియొక సంకేతపద్ధతిలోనిదిగా భ్రమించిన సాధనము, కరీంనగర్ అని యుండవలసిన చోట అర్థములేని లాటిన్ గుర్తుల బారును చూపును.

డేటాబేసులోని పట్టికకు ఈ దురవస్థ లేదు. అందు ప్రతి నిలువువరుసకును పేరును, జాతియు ముందే నిర్ణయింపబడి యుండును. సంఖ్య చేరవలసిన చోట అక్షరములు, తేదీ యుండవలసిన చోట ఊరిపేరు చొఱబడబోయినచో ఆరంభముననే నిరాకరింపబడును. పట్టిక యనగా నిజమునకు గీతల కూర్పు కాదు; చదువువానికిని దత్తాంశమునకును నడుమ జరిగిన ఒడంబడిక. సీఎస్‌వీ ఫైలు ఏ యొడంబడికకును చేవ్రాలు చేయదు. అయినను దానిని పట్టికయే యన్నట్లు భావించి, ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్నించి, నమ్మదగిన సమాధానము రాబట్టుకొనవచ్చును. ఆ ఫైలు చేయని వాగ్దానములను దాని పక్షమున తాను చేయుచు నడుమ నిలుచు సాధనమునకే అడాప్టరని పేరు. దాని శక్తియు, దానివలని అపాయమును ఈ పరోక్ష వాగ్దానమునందే యిమిడియున్నవని నా తలంపు.

దత్తాంశము ఎట్లు పేర్చబడియున్నను దానిని పట్టికగా ప్రశ్నింపవచ్చునను ఆలోచనకు మూలపురుషుడు ఎడ్గర్ ఫ్రాంక్ కాడ్. ఇంగ్లండున జన్మించి, అమెరికాలో ఐబీఎమ్ వారి శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేసిన యీయన, 1970 జూన్‌లో ప్రకటించిన వ్యాసమున, దత్తాంశము యంత్రములో ఏ రీతిగా పేర్చబడియున్నదో యెఱుగవలసిన భారమును వాడువానిపై మోపరాదని వాదించెను. అంతకు మునుపటి వ్యవస్థలలో ప్రోగ్రాము వ్రాయువాడు ఒక నమోదునుండి మఱొక నమోదునకు లంకెలను పట్టుకొని నడచిపోవలసియుండెను. లంకెలు మాఱినచో ప్రోగ్రామును తిరుగవ్రాయవలసి వచ్చెడిది. కాడ్ ఆ దారులనన్నిటిని తుడిచివైచి, గణితములోని సంబంధములనే పట్టికలుగా నిలిపెను. నాలుగేండ్లకు, 1974లో, ఐబీఎమ్ వారికే చెందిన డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ గణితమును వాడుక ఇంగ్లీషు పోలికగల భాషగా మలచిరి. సీక్వెల్ అని మొదట పేరొందిన ఆ భాషయే, ఆ పేరుపై మఱొక సంస్థకు హక్కుండుటచే, పిదప ఎస్‌క్యూఎల్ అయ్యెను. ఇందు అడుగువాడు తనకేమి కావలెనో చెప్పును. దానినెట్లు వెదకవలెనో చెప్పడు. వెదకు విధమును నిర్ణయించుట యంత్రము పని. 1979లో ప్యాట్రీషియా సెలింజర్ ప్రభృతులు సిస్టమ్ ఆర్ అను ప్రయోగాత్మక డేటాబేసుకై, సాధ్యమైన మార్గములన్నిటి వ్యయమును లెక్కగట్టి చౌకయైనదానిని ఎన్నుకొను పద్ధతిని వివరించిరి. నేటి డేటాబేసుల ప్రణాళికారచనకు అది ఒరవడి.

విచిత్రమేమనగా, దత్తాంశము ఎట్లున్నను అడుగవచ్చునను సిద్ధాంతముపై పుట్టిన డేటాబేసులే, అది ముందుగా తమ గూటికి వచ్చి చేరవలెనని పట్టుపట్టినవి. పట్టికను ప్రకటింపవలెను, అనుమతులు తీసికొనవలెను, ఫైలును ఎక్కింపవలెను. ఇంతలో మూలమైన ఫైలు మాఱినచో ఎక్కించినది పాతబడిపోవును. ఒక్క ప్రశ్న అడిగిపోవువానికి ఇంత తంతు దుర్భరము. అందుచే జనులు స్ప్రెడ్‌షీటును ఆశ్రయించిరి. అదియు నిరపాయము కాదు. 2020 సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వఱకు ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు దినవారీ లెక్కలలో చేరక పోయినవి. ప్రయోగశాలలనుండి సీఎస్‌వీ ఫైళ్లుగా వచ్చిన ఫలితములను అచ్చటి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ రూపములోనికి మార్చుచుండెను. ఆ రూపమున ఒక్క షీటు 65,536 వరుసలకు మించి పట్టదు. మించినవి చడీచప్పుడు లేక రాలిపోయినవి. సీఎస్‌వీ ఫైలునకు వరుసల పరిమితి లేదు. ఇచ్చట చెడినది దత్తాంశము కాదు, దానిని ఒక రూపమునుండి మఱొక రూపమునకు మార్చిన క్రియ.

అడాప్టరు ఆ మార్పునే అనవసరము చేయును. కంపెనీవారి కాలమున చెన్నపట్టణపు దొరలకును ఇచ్చటి వర్తకులకును నడుమ నిలిచిన దుబాసీవలె, అది రెండువైపుల మాటయు నెఱిగి, ఉన్నదానిని ఉన్నచోటనే యుంచి బేరము నడపును. అపాచీ క్యాల్సైట్ అను ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరు దీనికి చక్కని నిదర్శనము. జూలియన్ హైడ్ ఆప్టిక్ అను పేర ఆరంభించిన యీ నిర్మాణము 2014లో అపాచీ సంస్థ పోషణలోనికి వచ్చి, 2015లో ఆ సంస్థ పూర్తిస్థాయి ప్రాజెక్టులలో ఒకటియయ్యెను. ఇది డేటాబేసు అంగములలో దాదాపు అన్నిటిని గలిగియు, దత్తాంశమును దాచు అంగము మాత్రము లేనిది. ఎస్‌క్యూఎల్ వాక్యమును విడదీసి చదువుట, అందలి పేరులు నిజముగా ఉన్నవా యని పరీక్షించుట, దానిని బీజగణిత వృక్షముగా మార్చుట, ఆ వృక్షమును చౌకయగు రూపమునకు దిద్దుట, ఇవన్నియు తానే చేయును. దత్తాంశమెక్కడ యన్న ప్రశ్నకు మాత్రము అడాప్టరువైపు చూపును. హైవ్, ఫ్లింక్, డ్రిల్ వంటి ప్రసిద్ధ సాధనములు దీనిని తమలో నిముడ్చుకొన్నవి.

క్యాల్సైట్ నేర్వబోవువారికి మొదటి పాఠముగా నిచ్చు అడాప్టరు సీఎస్‌వీ ఫైళ్లకు సంబంధించినదే. దాని యేర్పాటు చూడముచ్చటగా నుండును. ఒక జేసన్ ఫైలులో ఫలానా ఫోల్డరని చూపిన చాలును. ఫోల్డరు స్కీమా యగును, అందలి ఒక్కొక్క ఫైలు ఒక్కొక్క పట్టికయగును, తలవరుసలోని పేరులు నిలువువరుసల పేరులగును. జాతిని ఊహింపవలసిన బాధ లేకుండ, ప్రతి పేరు తరువాతను కోలన్ గుర్తు పెట్టి 'లాంగ్' అనియో 'స్ట్రింగ్' అనియో ఆ తలవరుసలోనే వ్రాయుదురు. ఇంజను అడాప్టరును ప్రధానముగా అడుగునది నీయొద్ద ఏయే పట్టికలున్నవనియు, వాని నిలువువరుసల పేరులును జాతులును ఏవియనియు, వరుసలను ఒకదాని వెంట నొకటిగా అందింపగలవా యనియు మాత్రమే. ఈమాత్రమునకు బదులు చెప్పగల ఏ వస్తువైనను, అది ఫైలైనను, వెబ్ సేవయైనను, ఎస్‌క్యూఎల్ కంటికి పట్టికయే.

ఒక ఫోల్డరులో రెండు ఫైళ్లున్నవనుకొందము. మొదటిది 'వర్షం': మండలము, తేదీ, పడిన మిల్లీమీటరులు, ఇంకను ఉష్ణోగ్రత, గాలివేగము మొదలగునవి పది. రెండవది 'మండలాలు': మండలము పేరు, అది చెందిన జిల్లా. జూన్‌లో ఏ జిల్లాలో దినమునకు సగటున ఎంత వర్షము కురిసినదని ప్రశ్న. ఎస్‌క్యూఎల్‌లో ఇది నాలుగైదు పంక్తులు: సెలెక్ట్ అని జిల్లాను, సగటును కోరుట, ఫ్రమ్ అని మొదటి ఫైలును పేర్కొనుట, జాయిన్ అని మండలము పేరును ముడిగా చేసి రెండవదానిని కలుపుట, వేర్ అని జూన్ తేదీలకు పరిమితము చేయుట, గ్రూప్ బై అని జిల్లావారీ గుంపులు కట్టుట. దీనిని వ్రాసిన వరుసలోనే ఆచరించినచో, ఏడాదిపొడుగున నమోదైన ప్రతి వరుసను జిల్లాతో జతపఱచి, పిదప జూన్ కానివానిని పాఱవేయవలసివచ్చును. ఇంజనులోని ప్రణాళికాకర్త అట్లు చేయదు. వేర్ నియమమును జాయిన్ క్రిందికి, ఫైలు చదువు ఘట్టమునకే, దించును. జూన్ కాని వరుసలు అచ్చటనే నిలిచిపోవును. చిన్నదైన మండలముల ఫైలును ముందుగా చదివి, మండలము పేరు చెప్పగానే జిల్లా దొరకునట్లు మెమరీలో హాష్ పట్టికగా పేర్చుకొని, పెద్ద ఫైలును మొదటినుండి తుదివఱకు ఒక్కసారి మాత్రమే పాఱజూచును. పదమూడు నిలువువరుసలలో ప్రశ్నకు కావలసినవి మూడే కావున, ఆ మూటి క్రమసంఖ్యలను మాత్రమే అడాప్టరునకు అందించును. క్యాల్సైట్ పాఠములో ఈ తుది సంస్కారమును చేయునది ఒక చిన్న జావా క్లాసు. అంతటి పెద్ద ఇంజనునకు అంత చిన్న సూత్రముతో బుద్ధి చెప్పగలుగుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

అయితే మూడే నిలువువరుసలు కోరినంతమాత్రమున మూడే చదువబడునని భ్రమపడరాదు. కామాల ఫైలులో నాలుగవ అంశమెచ్చట మొదలగునో తెలియవలెనన్న, మొదటి మూటి గుండా నడిచిపోవలసినదే. పదివేలవ వరుస ఎచ్చటనున్నదో తెలియవలెనన్న, ముందరి వరుసలన్నిటిని దాటవలసినదే. బైట్లన్నియు డిస్కునుండి వచ్చితీరును. మిగులునది అక్కఱలేని అక్షరములను సంఖ్యలుగా, తేదీలుగా మార్చు శ్రమ మాత్రమే. ఆ శ్రమయు తక్కువది కాదు. ఫైలును నాలుగు ముక్కలుగా కోసి నాలుగు ప్రాసెసర్లకు పంచుదమన్నను చిక్కే. ముక్క మొదట కనబడిన పంక్తివిరామము నమోదునకు అంతమో, ఉద్ధరణ చిహ్నముల లోపల నున్న చిరునామాలోనిదో, వెనుకటి ముక్కను చూడక నిశ్చయింపరాదు. 2012లో అనస్తాసియా ఐలమాకి మొదలగు పరిశోధకులు నోడీబీ అను ప్రయోగమున దీనికొక ఉపాయము చూపిరి: మొదటి ప్రశ్నకై నడచినప్పుడే ఏ యంశము ఏ బైటువద్ద నున్నదో గుర్తు వేసికొని, తరువాతి ప్రశ్నలకు ఆ గుర్తుల వెంబడి దుముకుట. అదే ఫైలును దినదినమును ప్రశ్నించువారు ఇంతకంటె సులువైన మార్గము త్రొక్కి, దానిని ఒక్కసారి పార్కే రూపమునకు మార్చుకొందురు. ట్విట్టర్, క్లౌడెరా సంస్థల ఇంజనీర్లు 2013లో వెలువరించిన యీ రూపమున వరుసలు భాగములుగా విడదీయబడి, ఒక్కొక్క భాగములో ఒక్కొక్క నిలువువరుస ఒక్కచోట నుండును. ఒక్కొక్క భాగమున తేదీలలో కనిష్ఠమేది, గరిష్ఠమేది యను వివరము ఫైలు చివర వ్రాసియుండుటచే, జూన్ లేని భాగమును తెఱవకయే దాటిపోవచ్చును.

సీఎస్‌వీ ఫైలును ఉన్నచోటనే యుంచి ప్రశ్నించు వసతి పోస్ట్‌గ్రెస్ డేటాబేసున 2011లో వెలువడిన 9.1 వెర్షనుతో ఒక అనుబంధముగా వచ్చెను. పరాయి దత్తాంశమును ఎస్‌క్యూఎల్‌లో ఎట్లు పేర్కొనవలెనో చెప్పు ఎస్‌క్యూఎల్/మెడ్ అను ప్రమాణము దానికి మాతృక. అందు పట్టిక రూపమును మనమే ప్రకటింపవలెను. ప్రశ్న అడిగినప్పుడెల్ల ఫైలును క్రొత్తగా చదువును గనుక, ఉదయము చేర్చిన వరుస మధ్యాహ్నపు ప్రశ్నకు కనబడును. ఎస్‌క్యూలైట్‌కు వర్చువల్ టేబుల్ అను ద్వారము గలదు. వీనన్నిటికంటె ఈనాడు ఎక్కువగా వినబడుచున్న పేరు డక్‌డీబీ. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధనాలయమున మార్క్ రాస్‌వెల్ట్, హన్నెస్ మ్యూలైసెన్ నిర్మించిన యీ డేటాబేసు 2024 జూన్‌లో 1.0 వెర్షనును అందుకొన్నది. ఇందు ఫ్రమ్ తరువాత పట్టిక పేరునకు బదులు ఫైలు పేరునే పెట్టవచ్చును; ప్రకటన లేదు, తంతు లేదు. మామూలుగా 20,480 వరుసలను మచ్చు చూచి, విడదీయు గుర్తు కామాయా, సెమికోలనా, తలవరుస యున్నదా, ఏ నిలువువరుస ఏ జాతిదియను విషయములను తానే ఊహించుకొనును.

ఊహయనగానే జాగ్రత్త వలయును. హైదరాబాదు ఎస్‌టీడీ సంకేతము 040. అంకెలు తప్ప మఱేమియు లేని ఆ నిలువువరుసను సంఖ్యలని తలంచినచో ముందరి సున్న యెగిరిపోయి 40 మిగులును. 040 అని అక్షరములుగా నున్న మఱొక ఫైలుతో అది ఎన్నటికిని జతపడదు. స్ప్రెడ్‌షీటుల ఊహలకు శాస్త్రజ్ఞులే తలయొగ్గిన ఉదంతమొకటి గలదు. సెప్ట్1 అను జన్యువు సంకేతమును అవి సెప్టెంబరు 1వ తేదీగా మార్చివేయుచుండుటచే, మానవ జన్యువులకు పేరులుపెట్టు సంఘము 2020లో ఆ సంకేతమునే సెప్టిన్1 అని మార్చుకొన్నది. ఎస్‌క్యూఎల్ అడాప్టర్లు ఈ విషయమున కొంత మేలు. వానికి ఫలానా నిలువువరుస అక్షరములదని ఒక్కమాట చెప్పవచ్చును. అంతేగాక, సంఖ్య యనుకొన్నచోట అక్షరములు తగిలినచో పోస్ట్‌గ్రెస్, డక్‌డీబీలు సాధారణముగా పొరపాటు ప్రకటించి నిలిచిపోవును గాని, తోచినట్లు దిద్దుకొని ముందుకు సాగవు. ఫలానా వరుసవద్ద ఆగిపోతినని చెప్పు సాధనము విసుగు పుట్టించినను, అట్టిదానినే నమ్మవలెను.

ఖాళీ గడి సంగతి ఇంతకంటె గహనము. రెండు కామాలు పక్కపక్కన వచ్చి నడుమ ఏమియు లేకున్నచో దాని యర్థమేమి? ఆ దినము వాన పడలేదనియా, కొలుచువాడు రాలేదనియా? ఒక మండలములో నాలుగు దినముల లెక్క 30, 10, ఖాళీ, 20 అని యుండనిండు. ఖాళీని ఎస్‌క్యూఎల్ నల్‌గా గ్రహించినచో సగటు కట్టునపుడు దానిని విడిచిపెట్టి, 60ని మూటితో భాగించి 20 అనును. ఎవరైన దానిని సున్నగా నింపియున్నచో 60ని నాలుగుతో భాగించి 15 అనును. రెండును గణితరీత్యా నిర్దోషములే. ఏది వర్షమునకు సరిపోవునో ఫైలు చెప్పదు, అడాప్టరు ఎఱుగదు; లెక్క వ్రాసిన కార్యాలయము నడిగి తెలిసికొనవలసినదే.

జాయిన్‌లో జరుగు మోసములు జాతుల పొరపాటులకంటె హెచ్చని నా యభిప్రాయము. ఏలయన అవి ఫిర్యాదు చేయవు. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31గను, 2019లో 33గను అయినవి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. పాత ఫైలును క్రొత్త జిల్లాల పట్టికతో జిల్లా పేరు ముడిగా కలిపినచో, జతదొరకని వరుసలు సామాన్యమైన జాయిన్‌లో మాటాడక తొలగిపోవును. వానిని పట్టుకొనుటకు లెఫ్ట్ జాయిన్ వాడి, కుడివైపు నల్ వచ్చినవానిని విడిగా చూచుకొనవలెను. జత దొరకనివాటికి ఈ ఉపాయమైన గలదు. దొరకినవాటి మాటయేమి? 2015 ఫైలులోని వరంగల్ అవిభక్తమైన పెద్ద జిల్లా. 2016లో అది చీలి, వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ మొదలైన పలు జిల్లాలయ్యెను. 2021లో ఆ అర్బన్ హనుమకొండగను, రూరల్ తిరిగి వరంగల్‌గను పేరు మార్చుకొన్నవి. 2015 నాటి వరంగల్‌ను 2022 నాటి వరంగల్‌తో కలుపుమనగా ఏ ఇంజనైనను సంతోషముగా కలుపును. అక్షరములు సరిపోయినవి గదా! జిల్లా పేరు బదులు మండలము ముడిగా కలుపుకొని, ఆయా సంవత్సరపు జిల్లాను వేఱుగా తెచ్చుకొనుట ఒక్కటే ఇందుకు మందు; అదియు ఆ మండలము నడుమ విభజింపబడక యున్నచో.

ఇక ఫైలులోనికి వ్రాయుట యన్న, ఇట్టి అడాప్టర్లలో పెక్కింటికి అది నిషిద్ధము. కారణము సుస్పష్టము: ఎక్కడనో 9 ఉన్నచోట 10 వ్రాయవలసివచ్చినచో ఒక బైటు పెరుగును, దాని వెనుకటి ఫైలంతయు ఒక బైటు జరుగవలెను. డేటాబేసులో నున్నట్లు, సగములో విద్యుత్తు పోయినచో పూర్వస్థితికి తెచ్చు చిట్టా ఇచ్చట లేదు. ఇద్దరొకేసారి వ్రాయబూనినచో ఆపు తాళము లేదు. చదువునపుడైనను ఈ లోటు బాధించును. ఒక ప్రోగ్రాము ఫైలు చివర వరుసలు చేర్చుచుండగా మనము ప్రశ్న అడిగినచో, తుది వరుస సగము మాత్రమే వ్రాయబడి యుండవచ్చును; 125 కావలసినది 12గా కనబడినను అది చెల్లుబడియగు సంఖ్యయే గనుక అడాప్టరునకు అనుమానము రాదు. అందుచే జాగరూకులైనవారు మూలఫైలుపై నేరుగా వ్రాయక, అదే డిస్కుపై వేఱొక పేరుతో క్రొత్త ఫైలును పూర్తిగా వ్రాసి ముగించి, పిదప దానికి అసలు పేరు పెట్టుదురు. యూనిక్స్ వంశపు యంత్రములలో ఈ పేరుమార్పు నడుమ తెగని ఒక్క క్రియ కావున, ఆ క్షణమున ప్రశ్న అడిగినవానికి పాత ఫైలైన దొరకును, క్రొత్త ఫైలైన దొరకును, సగము ఫైలు దొరకదు.